ఒళ్లు నొప్పులు, తీరని నీరసం: మెదడులో ఇన్‌ఫ్లమేషన్ ఉందేమో పెట్ స్కాన్‌లో తెలుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అక్కగారికి నాలుగేళ్లుగా ఒళ్లంతా నొప్పులు, పొద్దున లేవలేనంత నీరసం. రక్తపరీక్షలు, నడుము ఎం.ఆర్.ఐ., తల ఎం.ఆర్.ఐ. అన్నీ నార్మల్ అని వచ్చాయి. ఒక డాక్టరు ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు దీర్ఘకాలం వదలని జబ్బు) అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు. ఇలాంటి రోగుల మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (అంటే రోగనిరోధక కణాలు రేగి ఉండడం) ఉన్నట్టు అమెరికాలో పెట్ స్కాన్ తీసి కనిపెట్టారని మీరు చదివారు. ఆ స్కాన్ మన దగ్గర ఎక్కడ చేస్తారు, అందులో ఏదైనా కనబడితే మందు ఉందా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: ఆ స్కాన్ మీ అక్కగారికి అక్కర్లేదు. ఆసుపత్రిలో డబ్బు కట్టి చేయించుకునే పరీక్షగా అది ఇంకా రాలేదు కూడా. మీరు చదివిన పరిశోధన నిజమే, ముఖ్యమైనదే. అయితే కొంతమంది రోగులను ఒక గుంపుగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఇంకో గుంపుగా పోల్చి చూసిన పరిశోధన అది. ఒక మనిషిని పడుకోబెట్టి స్కాన్ తీసి "నీకు ఉంది", "నీకు లేదు" అని చెప్పే స్థాయికి చేరలేదు. ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఎవరైనా మామూలు పెట్-సీటీ రాసి "మెదడులో ఇన్‌ఫ్లమేషన్ చూద్దాం" అంటే ఒప్పుకోకండి. అందులో అది కనబడదు. ఎందుకో కింద వివరిస్తాను.

నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో పనిచేస్తాను. పెట్ స్కాన్లు చూసి రిపోర్టులు రాయడమే నా రోజువారీ పని. మీలాంటి ప్రశ్నతో వచ్చే కుటుంబాలు ఈమధ్య బాగా పెరిగాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మెదడులో ఇన్‌ఫ్లమేషన్ అనగానే చాలామంది మెదడువాపు జ్వరం అనుకుని హడలిపోతారు. ఈ పరిశోధనల్లో చూసింది అది కాదు. మెదడువాపులో జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం ఉంటాయి. ఎం.ఆర్.ఐ.లో మార్పులు, వెన్నునీటి పరీక్షలో కణాలు కనబడతాయి. అది అత్యవసరంగా వైద్యం చేయాల్సిన జబ్బు. ఇక్కడ మాట్లాడుతున్నది మెదడులోనూ వెన్నుపాములోనూ కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాల గురించి, వాటి పక్కనే ఉండే ఆస్ట్రోసైట్ల గురించి. ఏదైనా దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఇవి మేల్కొని కొన్ని రసాయనాలు వదులుతాయి. పని అయ్యాక సద్దుమణగాలి. కొందరిలో ఎందుకో సద్దుమణగకుండా అలాగే ఉండిపోతాయని, అందువల్ల నొప్పి నరాలు చిన్న విషయానికీ అతిగా స్పందిస్తాయని ఒక అనుమానం.

ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 2003లో జపాన్ పరిశోధకులు ఎలుకల్లో ఒక విషయం చూపించారు. నరం దెబ్బతిన్నాక వెన్నుపాములోని మైక్రోగ్లియా మీద పీ2ఎక్స్4 అనే గ్రాహకం పెరుగుతుంది, దాన్ని అడ్డుకుంటే ఊరికే తాకినా నొప్పి పుట్టే స్థితి తగ్గుతుంది. నీరసం సంగతికొస్తే, మనందరికీ అనుభవమే. జ్వరం వస్తే ఒళ్లు నొప్పులు, అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది. ఆ లక్షణాల్లో చాలా భాగం సూక్ష్మక్రిమి నేరుగా చేసేది కాదు. మన రోగనిరోధక వ్యవస్థ వదిలే సైటోకైన్లు అనే రసాయనాలు మెదడుకు చేరవేసే కబురు అది. జ్వరం తగ్గినా ఆ కబురు ఆగకపోతే ఏమవుతుందన్నదే పరిశోధకుల ప్రశ్న. చికెన్‌గున్యా తర్వాత నెలల తరబడి, ఏళ్ల తరబడి కీళ్లు పట్టేసి, నీరసంతో తిరిగిన వాళ్లు 2006 ప్రాంతంలో మన రాయలసీమ జిల్లాల్లో ఎంతమందో. కోవిడ్ తర్వాత అలాంటివాళ్లను దేశమంతా చూశాం. మీ అక్కగారికి ఇది ఏదైనా జ్వరం తర్వాత మొదలైందా? మీరు ఆ సంగతి రాయలేదు. డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పాల్సిన విషయం.

ఇక స్కాన్ దగ్గరికి వద్దాం. పెట్ స్కాన్‌లో యంత్రం కన్నా ముఖ్యమైనది ట్రేసర్, అంటే నరంలోకి ఎక్కించే మందు. కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న ఆ మందు ఒంట్లో ఏ పదార్థానికి అతుక్కుంటుందో అది మాత్రమే బొమ్మలో కనబడుతుంది. నొప్పి, నీరసం పరిశోధనల్లో వాడినవి టీఎస్‌పీఓ అనే ప్రొటీన్‌కు అతుక్కునే ట్రేసర్లు. ఈ ప్రొటీన్ కణాల్లోని మైటోకాండ్రియా బయటి పొర మీద ఉంటుంది. మెదడులో గ్లియా కణాలు (పైన చెప్పిన మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు) చురుకైనప్పుడు దీని పరిమాణం పెరుగుతుందని జంతు ప్రయోగాల్లో తేలింది. అందుకే దాన్ని గుర్తుగా పట్టుకున్నారు.

మనుషుల్లో ఇది పనిచేస్తుందా అని చూడడానికి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేసి 2015లో ప్రచురించారు. ఎనిమిది మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు బ్యాక్టీరియా గోడ నుంచి తీసిన పదార్థాన్ని చాలా కొద్ది మోతాదులో ఎక్కించారు. ఒళ్లు నొప్పులు, అలసట మొదలయ్యాయి. ముందు తీసిన స్కాన్‌తో పోలిస్తే మెదడులో ట్రేసర్ 30 నుంచి 60 శాతం ఎక్కువ కనబడింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రేగితే మెదడులో ఈ సంకేతం మారుతుందనడానికి నాకు తెలిసిన గట్టి ఆధారాల్లో ఇదొకటి.

అదే ఏడాది బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మార్కో లోజియా బృందం దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న పదిమంది దాకా రోగులను పెట్, ఎం.ఆర్.ఐ. కలిసి ఉన్న యంత్రంలో స్కాన్ చేసింది. పీబీఆర్28 అనే ట్రేసర్ వాడారు. మెదడు మధ్యలో ఉండే థాలమస్‌లో రోగులకు సంకేతం ఎక్కువ వచ్చింది. 2021లో కొత్త రోగుల మీద మళ్లీ చేసినా థాలమస్‌లోనే కనబడింది. 2019లో వీళ్లూ, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వాళ్లూ కలిసి ఫైబ్రోమయాల్జియా రోగులను చూశారు. అప్పుడు తేడా థాలమస్‌లో కాకుండా మెదడు పై పొరల్లో, పలు చోట్ల కనబడింది. నీరసం ఎక్కువ ఉందని చెప్పినవాళ్లలో సింగ్యులేట్ అనే భాగంలో సంకేతం ఎక్కువగా ఉంది. మీరు చదివిన వార్త బహుశా దీని గురించే. ఆస్ట్రోసైట్లను చూపే ఇంకో ట్రేసర్‌తో స్కాన్ చేస్తే తేడా రాలేదు. కాబట్టి ఇది ఎక్కువగా మైక్రోగ్లియా పనే అయి ఉండొచ్చని వాళ్లు రాశారు.

ఇక్కడిదాకా వింటే "అయితే దొరికేసింది కదా" అనిపిస్తుంది. నాకూ మొదట చదివినప్పుడు చాలా ఆశ కలిగింది. ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాల్సిన సంగతులు ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే వార్తల్లో ఇవి రావు.

మొదటిది, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. 2014లో జపాన్ పరిశోధకులు క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (నెలలు, ఏళ్ల తరబడి తీరని నీరసం వేధించే జబ్బు) ఉన్న తొమ్మిది మందిని, ఆరోగ్యంగా ఉన్న పదిమందిని పీకే11195 అనే పాత ట్రేసర్‌తో పోల్చారు. రోగుల మెదడులో కొన్ని భాగాల్లో సంకేతం 45 నుంచి 199 శాతం ఎక్కువ అన్నారు. అంత పెద్ద తేడా చూసి అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత నెదర్లాండ్స్‌లో అదే ట్రేసర్‌తో క్రానిక్ ఫటీగ్ ఉన్న స్త్రీలను, క్యూ ఫీవర్ (పశువుల నుంచి సోకే ఒక జ్వరం) తర్వాత నీరసం వదలని స్త్రీలను చూస్తే ఆరోగ్యవంతులతో తేడా ఏమీ కనబడలేదు. 2022లో వచ్చిందది. ఎవరో తప్పు చేశారని నేను అనను. పదేసి మందితో చేసే అధ్యయనాల్లో ఇలా జరుగుతూనే ఉంటుంది. రోగులను ఎంచుకున్న తీరు వేరు, లెక్క కట్టిన పద్ధతి వేరు. ఒకే పేరు కింద రెండు మూడు రకాల జబ్బులు ఉండే అవకాశమూ ఉంది.

రెండోది, సంకేతం ఎక్కువ ఉంటే చెడ్డదని కూడా చెప్పలేం. బోస్టన్ నడుము నొప్పి అధ్యయనంలోనే ఒక విచిత్రం ఉంది, వార్తాపత్రికలు దాన్ని పట్టించుకోలేదు. రోగుల్లో ఎవరికైతే థాలమస్‌లో సంకేతం ఎక్కువుందో వాళ్లకు నొప్పి తక్కువ ఉంది, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ రసాయనమూ తక్కువ ఉంది. అంటే ఆ ప్రొటీన్ నొప్పిని అణచడానికి శరీరం చేసుకుంటున్న ప్రయత్నం కావచ్చు. అలాంటప్పుడు రిపోర్టులో "ఎక్కువ ఉంది" అని రాస్తే, దాన్ని తగ్గించాలా, అలాగే ఉండనివ్వాలా? దీనికి ఇవాళ జవాబు లేదు.

మూడోది, ఈ ప్రొటీన్ నిజంగా మైక్రోగ్లియా రేగడాన్నే చూపిస్తుందా అన్నదే అనుమానంలో పడింది. 2023లో ఒక పెద్ద అంతర్జాతీయ బృందం ఎలుకల, మనుషుల కణజాలాన్ని పోల్చి చూసింది. మైక్రోగ్లియా రేగితే ఎలుకల్లో టీఎస్‌పీఓ పెరుగుతోంది, మనుషుల్లో అలా పెరగడం లేదు. మనుషుల్లో ఈ సంకేతం ఆ చోట కణాల సంఖ్య ఎక్కువైందని మాత్రమే చెబుతూ ఉండొచ్చు. దీంతో పాత అధ్యయనాలు పనికిరాకుండా పోలేదు. కానీ "మెదడులో ఇన్‌ఫ్లమేషన్ కనబడింది" అనే మాటను "ఈ ప్రొటీన్‌కు అతుక్కున్న మందు కాస్త ఎక్కువ కనబడింది" అని చదువుకోవాలి.

మా వృత్తిలో వాళ్లు తలపట్టుకునే ఇంకొన్ని సంగతులు ఉన్నాయి. టీఎస్‌పీఓ జన్యువులో ఒక చిన్న తేడా వల్ల కొందరిలో కొత్త ట్రేసర్లు గట్టిగా అతుక్కుంటాయి, కొందరిలో మధ్యస్థంగా, కొందరిలో దాదాపు అతుక్కోనే అతుక్కోవు. కాబట్టి స్కాన్‌కు ముందు జన్యుపరీక్ష చేసి, అతుక్కోని రకం వాళ్లను అధ్యయనంలోకి తీసుకోరు. పరీక్ష చేయకుండా ఇద్దరి స్కాన్లు పక్కపక్కన పెడితే, కనబడే తేడా జబ్బుదో పుట్టుకదో తెలియదు. పైగా ఈ ప్రొటీన్ మెదడంతటా ఎంతో కొంత ఉంటుంది. "ఇక్కడ అసలు ఉండదు, దీంతో పోలుద్దాం" అనుకోవడానికి ఖాళీ చోటే లేదు. అందుకని కొందరు మొత్తం మెదడు సగటుతో భాగిస్తారు, కొందరు స్కాన్ జరుగుతున్నంతసేపూ మణికట్టు ధమని నుంచి రక్తం తీసి లెక్క కడతారు. ఈ రెండు పద్ధతుల్లో ఏది సరైనదన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

చివరికి సగటు సంగతి. మగవాళ్ల సగటు ఎత్తు ఆడవాళ్ల సగటు కన్నా ఎక్కువ, ఇందులో అనుమానం లేదు. అంతమాత్రాన ఒక మనిషి ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు అని చెప్పి ఆడో మగో తేల్చమంటే ఎవరూ తేల్చలేరు. ఈ స్కాన్లలోనూ రోగుల అంకెలు, ఆరోగ్యవంతుల అంకెలు చాలావరకు ఒకదాని మీద ఒకటి పడతాయి. మీ అక్కగారి అంకె ఎటు వచ్చినా దాన్ని బట్టి నిర్ణయం తీసుకోలేం.

ఇప్పుడు మన ఊళ్లలో దొరికే పెట్-సీటీ ఎందుకు పనికిరాదో చెబుతాను. మా విభాగానికి పొద్దున్నే సైక్లోట్రాన్ (రేడియోధార్మిక పదార్థాలు తయారుచేసే యంత్రం) నుంచి సీసపు డబ్బాలో ఎఫ్‌డీజీ వస్తుంది. రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్ అది. ఫ్లోరిన్-18తో తయారవుతుంది కాబట్టి దాదాపు 110 నిమిషాలకు సగానికి తగ్గుతుంది. ఆ వ్యవధిలో వ్యానులో ఊరు దాటించి తెచ్చుకోవచ్చు, నలుగురైదుగురికి వరసగా ఇవ్వచ్చు. డబ్బా తెరవగానే కొలుస్తాం, ఏ టైముకు ఎవరికి ఎంత ఎక్కించాలో లెక్క వేసుకుంటాం, ఆఖరి రోగి ఆలస్యంగా వస్తే మందు చాలదు. బోస్టన్ వాళ్లు వాడిన పీబీఆర్28 కార్బన్-11తో తయారవుతుంది. అది 20 నిమిషాలకే సగమవుతుంది, గంట గడిస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. అంటే సైక్లోట్రాన్, రసాయన ప్రయోగశాల, స్కానర్ మూడూ ఒకే ప్రాంగణంలో ఉండాలి. ఒక్కో రోగి కోసం అప్పటికప్పుడు మందు తయారుచేయాలి. అది పాడైతే ఆ రోజు స్కాన్ లేనట్టే.

ఎఫ్‌డీజీ గ్లూకోజ్ వాడకాన్ని చూపిస్తుంది. మెదడు మామూలుగానే ఒంట్లో అందరికన్నా ఎక్కువ గ్లూకోజ్ తాగే అవయవం, స్కాన్‌లో ఎప్పుడూ వెలిగిపోతూనే కనబడుతుంది. ఆ వెలుగులో మైక్రోగ్లియా చేసే చిన్న తేడా దొరకదు. క్యాన్సర్‌కు, కారణం తెలియని జ్వరానికి, కొన్ని రకాల మతిమరుపుకు, ఫిట్స్‌కు ఇది గొప్ప పరీక్ష. మీ అక్కగారి సమస్యకు మాత్రం కాదు.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. ఒళ్లు నొప్పులకు కారణం తెలియక, ఎవరో సలహా ఇస్తే ఆవిడ ఒంటినిండా పెట్-సీటీ తీయించుకున్నారు. నొప్పికి సంబంధించి ఏమీ రాలేదు. థైరాయిడ్‌లో ఒక చిన్న గడ్డ వెలిగింది. వెలిగాక వదిలేయలేం కదా, అల్ట్రాసౌండ్, తర్వాత సూదితో కణాలు తీసి పరీక్ష. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి అది మామూలు గడ్డే అని తేలింది. నొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి, పొదుపు చేసుకున్న డబ్బు ఖర్చయిపోయింది. రేడియేషన్ పడింది. ఆ టీచరమ్మే రిపోర్టు తీసుకునే రోజు నాతో అన్న మాట ఇది: "ఏదో ఒకటి రాయండి మేడమ్, కనీసం మా ఇంట్లో వాళ్లు నమ్ముతారు."

మీ ప్రశ్న వెనక కూడా ఇదే ఉందని నాకు అనిపిస్తోంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. స్కాన్‌లో కనబడకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదు. 2002లో అమెరికాలో ఫైబ్రోమయాల్జియా రోగుల మీద ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.తో (మెదడులో ఏ భాగం చురుకవుతోందో చూపే స్కాన్) ఒక పరిశోధన చేశారు. ఎడమ చేతి బొటనవేలి గోరు మీద కొలిచి ఒత్తిడి పెట్టారు. ఆరోగ్యవంతులకు ఏమంత అనిపించని ఒత్తిడికే రోగుల మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. వాళ్లు నటించడం లేదు, ఆ ఒత్తిడి వాళ్లకు నిజంగానే నొప్పిగా చేరుతోంది. 2017 నుంచి నొప్పి నిపుణుల అంతర్జాతీయ సంఘం కూడా ఇలాంటి నొప్పిని ఒక ప్రత్యేక రకంగా గుర్తించింది. కణజాలం దెబ్బతినకపోయినా, నరం తెగకపోయినా, నొప్పిని మోసే వ్యవస్థ పనితీరు మారడం వల్ల వచ్చే నొప్పి అది. మీ అక్కగారి మాటే దానికి ఆధారం. ఇంకో యంత్రం వచ్చి సాక్ష్యం చెప్పక్కర్లేదు. మీ బావగారికీ, అత్తగారింటి వాళ్లకూ ఈ సంగతి చెప్పడానికి డాక్టరు దగ్గరికి వాళ్లనూ ఒకసారి తీసుకెళ్లండి. కొత్త స్కాన్ రిపోర్టు కన్నా అది ఎక్కువ పనిచేయడం నేను చూశాను.

ఆఫీసు సెలవు కోసమో ఇన్సూరెన్స్ కోసమో మెదడు స్కాన్ రుజువుగా పెట్టాలన్న ఆలోచన ఉంటే అదీ వదిలేయండి. అదే సంఘం నియమించిన నిపుణుల బృందం 2017లో, ఒక వ్యక్తికి నొప్పి ఉందో లేదో తేల్చడానికి మెదడు స్కాన్లను కోర్టుల్లో వాడకూడదని స్పష్టంగా చెప్పింది. స్కాన్‌లో ఏమీ కనబడలేదు కాబట్టి నొప్పి అబద్ధం అని ఎదుటివాళ్లు వాదించే ప్రమాదమూ అందులో ఉంది.

ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ అనే ఇంకో పద్ధతి గురించి కూడా మీకు ఎక్కడో కనబడవచ్చు. మామూలు ఎం.ఆర్.ఐ. యంత్రంలోనే మెదడులోని రసాయనాలను కొలుస్తారు, రేడియేషన్ ఉండదు. గ్లియా కణాల గురించి చెప్పే మయో-ఇనాసిటాల్, శక్తి వాడకం గురించి చెప్పే లాక్టేట్ వంటివి చూస్తారు. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో జారెడ్ యంగర్ బృందం క్రానిక్ ఫటీగ్ రోగుల్లో ఇలాంటి మార్పులు చూసింది, మెదడు ఉష్ణోగ్రత కూడా లెక్కగట్టింది. ఆసక్తికరమైన పనే. ఇదీ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఇక "బ్రెయిన్ మ్యాపింగ్" పేరుతో రంగురంగుల బొమ్మలు చేతిలో పెట్టి, మీ మెదడులో మంట ఉంది, మా ప్యాకేజీ తీసుకోండి అనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి.

ఎప్పుడైనా ఇలాంటి పరిశోధనలో పాల్గొనాలని మీ అక్కగారికి ఉంటే అది మంచి విషయమే. అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి. మందులకు సంబంధించిన ట్రయల్ అయితే సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే చోటు) వెబ్‌సైట్‌లో నమోదై ఉందో లేదో చూడండి. పరిశోధన స్కాన్‌కు పాల్గొనేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడిగితే అది పరిశోధన కాదు.

మందు ఉందా అన్నారు. మెదడులో ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుందని ఇంటర్నెట్‌లో ఎక్కువ ప్రచారంలో ఉన్నది చిన్న మోతాదు నాల్ట్రెక్సోన్ (మామూలు మోతాదులో మద్యం, మత్తుమందుల అలవాటు మాన్పించడానికి వాడే మందు). మొదట్లో చిన్న అధ్యయనాల్లో ఫైబ్రోమయాల్జియా నొప్పి తగ్గినట్టు కనబడింది. తర్వాత డెన్మార్క్‌లో 99 మంది స్త్రీల మీద 12 వారాలు జాగ్రత్తగా చేసిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. నొప్పి తగ్గడంలో ఆ మందుకూ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కొందరికి ఉపయోగపడుతుందేమో ఇంకా చూస్తున్నారు. డాక్టరు పర్యవేక్షణలో ప్రయత్నించడం వేరు, 50 మిల్లీగ్రాముల మాత్రను ఇంట్లో ముక్కలు చేసి మింగడం వేరు. ముఖ్యంగా ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మందులు వాడుతున్నవాళ్లు దీన్ని సొంతంగా ముట్టుకోకూడదు, ఒకదానికొకటి విరుద్ధం. స్టెరాయిడ్ మాత్రలతో కూడా ఫైబ్రోమయాల్జియా తగ్గదు. మొదట కాస్త హాయిగా అనిపించి, తర్వాత షుగరు, ఎముకలు గుల్లబారడం మిగులుతాయి.

స్కాన్‌కు పెట్టాలనుకున్న డబ్బు, ఓపిక ఎక్కడ పెట్టాలో చెబుతాను. అన్నీ నార్మల్ అన్నారు కదా, ఆ "అన్నీ"లో ఏమున్నాయో ఒకసారి చూడండి. హిమోగ్లోబిన్ ఒక్కటే కాకుండా ఐరన్ నిల్వలను చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్, బీ12, విటమిన్ డి, కాల్షియం, షుగరు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కండరాలకు సంబంధించిన సీపీకే ఉన్నాయా? మన ఇళ్లలో ఆడవాళ్లకు ఐరన్, బీ12 తక్కువ ఉండడం ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నడుము బిగుసుకుపోయి, తిరిగితే సర్దుకునేట్టుంటే రుమటాలజిస్టుకు (కీళ్ల జబ్బుల డాక్టరుకు) చూపించాలి. గురక, పగలు కునుకు ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి. ఒకాయన మెదడులో ఏదో ఉందని రెండుసార్లు ఎం.ఆర్.ఐ. తీయించుకుని మా దగ్గరికి వచ్చారు. చివరికి నిద్రలో శ్వాస ఆగుతోందని తేలింది, రాత్రిపూట మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టాక మనిషి మారిపోయారు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక ప్రశ్న అడగండి. ఒకరోజు కాస్త ఎక్కువ పని చేస్తే మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టేంతగా కూలిపోతున్నారా? ఈ జవాబును బట్టి దారి మారిపోతుంది. అలా కూలిపోకపోతే, ఫైబ్రోమయాల్జియాకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్న వైద్యం వ్యాయామమే. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారాల మీద మెల్లగా పెంచాలి. తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్ లాంటివి కొందరికి సాయపడతాయి, డాక్టరు చూసి ఇస్తారు. కానీ మర్నాడు కూలిపోయే లక్షణం ఉంటే అది క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ కావచ్చు. అక్కడ "రోజూ కొంచెం కొంచెం పెంచు, బద్ధకించకు" అనడం హాని చేస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2021లో తన మార్గదర్శకాల నుంచి ఆ రకం వ్యాయామ చికిత్సను తీసేసింది. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఓపిక ఉన్నంతలోనే పనిని విడగొట్టుకుని, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ నెట్టుకురావాలి. ఇంట్లో వంట, నీళ్లు, పిల్లల పని ఆవిడ ఒక్కరి మీదే ఉంటే ఈ సలహా కాగితం మీదే మిగిలిపోతుంది, కాబట్టి పని పంచుకోవడం మీ అందరి వంతు.

మెదడు స్కాన్ లాంటి పరీక్షలు నిజంగా వెంటనే కావాల్సిన పరిస్థితులూ ఉన్నాయి. ఫిట్స్ రావడం, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడడం, చూపు తగ్గడం లేదా రెండుగా కనబడడం, జ్వరంతో పాటు మెడ పట్టేయడం, ప్రవర్తన ఉన్నట్టుండి మారిపోవడం, మల మూత్రాల మీద అదుపు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం. వీటిలో ఏది కొత్తగా కనబడినా నా జవాబు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే, రెండు వారాలు అక్కగారు ఏ రోజు ఏం పని చేశారు, ఎలా నిద్రపోయారు, మర్నాడు ఎలా ఉన్నారు అని నోటుబుక్కులో రాయించండి. ఆ నోటుబుక్కూ, పాత రిపోర్టులన్నీ పట్టుకుని రుమటాలజిస్టును కానీ పెయిన్ క్లినిక్‌లో కానీ కలవండి. ఫెరిటిన్, బీ12, థైరాయిడ్ అంకెలు మీ దగ్గర ఉంటే, మొదలైంది జ్వరం తర్వాతేనా అన్న సంగతితో పాటు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.